‘ప్రతినిధి’ అని సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?

పర్లాకిమిడి నుంచి ఒక యువకుడు ఆరు పేజీల ఉత్తరం రాశాడు. పేరూ, వీధీ, దుకాణం బోర్డు మీది అక్షరాలూ వెయ్యొద్దన్నాడు. వెయ్యడం లేదు. ఉత్తరం సారం ఇది.

అతనికి 28 ఏళ్లు. తండ్రి పోయాక డిగ్రీ మధ్యలో మానేసి సెల్ రిపేరు దుకాణం పెట్టాడు. పక్క గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరుతో నెట్ సెంటరు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ మీంచి దిగినవాళ్లతో వచ్చీరాని సవర. మూడేళ్లుగా హైదరాబాదులోని ఒక తెలుగు టెక్ వెబ్‌సైటుకు ఫోన్ల రివ్యూలు, రీఛార్జి ప్లాన్ల వివరాలు రాస్తున్నాడు. ఆర్టికల్‌కి 400 రూపాయలు, వీడియోకి 1,000.

సంక్రాంతి అయ్యాక ఆ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, నెలకు 22,000 జీతం మీద ‘కమ్యూనిటీ ఎడిటర్’ ఉద్యోగం ఇస్తామన్నారు. ఊరు వదలక్కర్లేదు. కాకపోతే ముందుగా ఒక పని చెయ్యాలి. వాళ్లు ట్రాయ్‌కీ (టెలికాం కంపెనీలకి నియమాలు పెట్టే సంస్థ), టెలికాం శాఖకీ పంపబోతున్న వినతిపత్రం మీద ‘ఆంధ్ర–ఒడిశా సరిహద్దు గ్రామాల ఇంటర్నెట్ వినియోగదారుల ప్రతినిధి’ అని సంతకం పెట్టాలి. అందులో ఉన్న మాట: పల్లె జనం మొత్తం ఇంటర్నెట్ అడగడం లేదు, నాలుగైదు యాప్‌లు వచ్చే చవక ప్యాకు ఇస్తే చాలంటున్నారు, కాబట్టి డేటా ధరల మీద ఇప్పుడున్న నిబంధన సడలించండి. ఆ సైటుకు ప్రకటనలిచ్చేవాళ్లలో ఒక టెలికాం సంస్థ ఉందని ఇతనికి తెలుసు.

పోయిన ఏడాది ఒక ఫోన్ మీద ఇతను రాసిన రివ్యూలో మూడు వాక్యాలు మాయమయ్యాయి. ఛార్జింగులో పెట్టి వీడియో కాల్ మాట్లాడితే వెనక భాగం పట్టుకోలేనంత కాలుతోందని, రెండు వారాలు వాడి రాసిన వాక్యాలు. అవి లేకుండా, కింద కొనుగోలు లింకుతో అచ్చయింది. ఇతని పేరు చూసి వీధిలో పదకొండు మంది ఆ ఫోన్ కొన్నారు. నలుగురు బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయిన ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఒక కిరాణా షాపాయన ఏమీ అనకుండా ఫోన్ కౌంటరు మీద పెట్టి, “నీ మాట మీద కొన్నాను” అన్నాడట.

అమ్మ ఉద్యోగం వదలొద్దంటోంది. చెల్లి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. మావయ్య, ‘సంతకమే కదరా, కిడ్నీ అడగలేదు’ అంటున్నాడు. ఒడియా స్నేహితుడు మాత్రం, “నువ్వు హైదరాబాదు వాళ్లకి తెలుగులో రాస్తావు, మా ఇంట్లో ఒక్కరికీ అది చదవడం రాదు, మాకెప్పుడు ప్రతినిధివయ్యావు?” అని నవ్వాడట. వచ్చే సోమవారం లోపు కంపెనీకి జవాబు చెప్పాలి. “ఇలాంటి కంపెనీలు నెట్ వాడేవాళ్లందరి తరఫునా మాట్లాడగలవా? సంతకం పెడితే తప్పా?” అని అడిగాడు.

సమాధానం:

బాబూ, నాకు మనవలున్నారు, నువ్వనే రాస్తాను, ఏమనుకోకు.

నీ ఉత్తరం చదువుతుంటే నాకు నా లైన్ అకౌంటు రోజులు గుర్తొచ్చాయి. రాయగడ వైపు పంతొమ్మిదేళ్లు ఒక తెలుగు పత్రికకు కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని పైసలు. నెలాఖరుకి పేపర్లలో మన వార్తలు కత్తిరించి, కాగితం మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపేవాళ్లం. లైన్లు పెరగాలంటే వార్త చివర ఒక ముక్క తగిలించాలి. ‘ఈ విషయమై అధికారులు వెంటనే స్పందించాలని స్థానికులు కోరుతున్నారు.’ రెండు లైన్లు కలిసొస్తాయి. ఆ స్థానికులు ఎవరంటే నేను, టీ కొట్టు అప్పన్న. కొన్ని రోజులు అప్పన్న కూడా లేడు.

ఒకసారి కాశీనగరం దాటాక వంశధార పక్కనున్న ఒక ఊరి గురించి అలాగే రాశాను, గ్రామస్థులు బస్సు సౌకర్యం కోరుతున్నారని. నాకు ఆ ఊరు వెళ్లడానికి బస్సు లేక సైకిలు తొక్కాల్సి వచ్చింది, అందుకని రాశాను. నిజంగానే బస్సు వేశారు. రెండు నెలలు ఖాళీగా తిరిగి ఆగిపోయింది. తర్వాత ఆ ఊరు వెళ్తే ఒకామె బిందె దింపి నన్ను నిలేసింది. “బస్సెవులడిగినారు బాబూ? బోరింగు లేదని కదేటి మేం ఏడిసింది!” ఇక బోరింగు అడిగితే, మొన్ననే కదా మీ ఊరికి బస్సు ఇచ్చాం అంటున్నారట ఆఫీసులో. నేను రాసిన రెండు లైన్లు వాళ్ల వంతు మాటని ఖర్చు పెట్టేశాయి. దానికి నాకొచ్చింది ఏ రూపాయో, అర్ధో.

అందుకే నీ వినతిపత్రంలో ‘పల్లె జనం అంటున్నారు’ అన్నచోట నా చూపు ఆగిపోయింది. ఎవరన్నారు? ఎప్పుడు? నీ దుకాణంలోనా?

నీ ఉత్తరంలో ఉద్యోగం, సంతకం, కాలే ఫోను మూడూ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. కంపెనీ వాళ్లు కావాలనే ఒక ముడి వేశారు, సంతకం పెడితేనే ఉద్యోగం అని. మనం విడదీసే చూద్దాం. ముందు నువ్వడిగిన పెద్ద ప్రశ్న.

టెక్ మీడియా కంపెనీలు నెట్ జనం తరఫున ఎప్పుడూ నిలబడలేదంటే అబద్ధమే అవుతుంది. 2015 మార్చిలో ట్రాయ్ ఒక సంప్రదింపు పత్రం విడుదల చేసింది. వాట్సాప్, స్కైప్ లాంటివాటికి వేరే నియమాలు ఉండాలా అన్నది అందులో చర్చ. అప్పుడు, నెట్‌లో అన్ని సైట్లనీ సమానంగా చూడాలని (దాన్నే నెట్ న్యూట్రాలిటీ అంటారు) ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ ఉద్యమంలో ముందు నడిచినవాళ్లలో మీడియానామా అనే టెక్ వార్తల సైటు నడిపే నిఖిల్ పాహ్వా ఒకరు. ఆయన తటస్థ విలేకరిలా నటించలేదు, నేను ఈ పక్షం అని బాహాటంగా చెప్పి నిలబడ్డాడు. నాకు నచ్చింది అదే. అదే కాలంలో కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ వాళ్ల ఇంటర్నెట్.ఆర్గ్ పథకంలో మొదట చేరి, జనం అడగ్గానే ఏప్రిల్‌లో బయటికొచ్చినవాళ్లలో ఎన్డీటీవీ, టికెట్లు బుక్ చేసే క్లియర్‌ట్రిప్ ఉన్నాయి. అంటే మీడియా సంస్థ కూడా మూటలో ఒక సరుకుగా కూర్చుందన్నమాట, జనం వేలెత్తి చూపించేదాకా.

ఆ ఏడాది చివర్లో జరిగింది నీకు ఇంకా దగ్గరి కథ. పథకం పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. కొన్ని సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్‌కి డబ్బు. నీ చేతిలో ఉన్న వినతిపత్రానికి పెద్దన్నయ్య. డిసెంబరులో ట్రాయ్, డేటాకి సైటుని బట్టి వేర్వేరు ధరలు పెట్టొచ్చా అని అడిగింది. ఫేస్‌బుక్ తన వాడకందార్ల తెర మీద ఒక బటన్ పెట్టింది, నొక్కితే ముందే రాసి ఉంచిన ఉత్తరం ట్రాయ్‌కి పోతుంది. లక్షల్లో పోయాయి. ఉత్తరాలన్నీ ఒకే అచ్చు, పైగా ట్రాయ్ అడిగిన ప్రశ్నలకి అందులో జవాబు లేదు. సంప్రదింపుల్ని తలలు లెక్కపెట్టే తంతుగా మార్చకండని 2016 జనవరిలో ట్రాయ్ గట్టిగానే మందలించింది. ఫిబ్రవరి 8న నియమం వచ్చేసింది, డేటాకి కంటెంటుని బట్టి ధర మార్చకూడదని. నీ కంపెనీ సడలించమంటున్నది ఆ నియమాన్నే. వాళ్లు నీకు ఈ వెనకటి కథ చెప్పారా? చెప్పి ఉంటే నువ్వు ఆరు పేజీల్లో ఎక్కడో రాసేవాడివి.

కోట్లమంది వాడే కంపెనీ, వాళ్లచేతే బటన్ నొక్కించినా ‘ఇది జనం మాట’ అని నమ్మించలేకపోయింది. నీ కంపెనీ దగ్గర బటన్ కూడా లేదు, నువ్వున్నావు.

ఇక నీ కంపెనీ వాళ్లు తమ సైటు చూసేవాళ్ల గురించి గొప్పగా చెప్పుకునే ‘రెండు లక్షల కమ్యూనిటీ’ సంగతి. అందులో ఎక్కువమంది ఫోన్ ధర చూడ్డానికో, ఓటీపీ రాకపోతే ఏం చెయ్యాలో తెలుసుకోడానికో వచ్చినవాళ్లు. సంతలో బెల్లం కొట్టు ముందు నిలబడ్డవాళ్లందరూ నా సంఘ సభ్యులు అని బెల్లం వ్యాపారి అంటే ఎలా ఉంటుంది? స్లాష్‌డాట్ అనే పాత అమెరికా టెక్ వార్తల సైటు ఉంది. 2012లో దాన్ని ఒక పెద్ద కంపెనీ కొంది. 2014 ఫిబ్రవరిలో కొత్త రూపం తెస్తూ పాఠకులను ‘ఆడియన్స్’ అన్నందుకు వాళ్లకి ఒళ్లు మండింది, వారం పాటు బహిష్కరించారు. రాసేది మేం, చర్చించేది మేం, మమ్మల్ని ప్రేక్షకులంటావా అని. నీ కంపెనీ మీ పేరుని ఇంకాస్త అందంగా ‘కమ్యూనిటీ’ అంటోంది. పేరు మారిస్తే జాతకం మారదు కదా. ఆ రెండు లక్షల్లో ఎంతమందికి ఆ వినతిపత్రం చూపించారు, అది అడుగు.

యజమాని చెయ్యి ఎంతవరకు వస్తుందో కూడా తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే నువ్వు రేపు వాళ్ల జీతగాడివి కావచ్చు. 2013 జనవరిలో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో సీనెట్ అనే టెక్ సైటు సంపాదకులు, డిష్ అనే టీవీ ప్రసారాల కంపెనీ చేసిన ‘హాపర్’ అనే టీవీ రికార్డింగు యంత్రాన్ని ఉత్తమ వస్తువుగా ఎంచుకున్నారు. సీనెట్ యజమాని అయిన టీవీ సంస్థ సీబీఎస్‌కి డిష్‌తో ఆ యంత్రం మీదే కోర్టు తగాదా. దాన్ని జాబితాలోంచి తీసేయమన్నారు, తీశారు. గ్రెగ్ సాండోవాల్ అనే విలేకరి రాజీనామా ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాది అమెరికా టెలికాం సంస్థ వెరైజన్ ఒక టెక్ వార్తల సైటు పెట్టింది, షుగర్‌స్ట్రింగ్ అని. ఉద్యోగానికి పిలిచిన రాతగాళ్లతో, గూఢచర్యం గురించీ, నెట్ న్యూట్రాలిటీ గురించీ రాయకూడదని ముందే చెప్పారని వార్త బయటికొచ్చింది. టెలికాం కంపెనీ సొమ్ముతో నడిచే టెక్ పత్రిక ఆ రెండూ తప్ప అన్నీ రాస్తుంది! కొన్ని నెలలకే మూసేశారు. నీ మూడు వాక్యాలు పోవడం కొత్త విద్య ఏం కాదు, పెద్ద ఊళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే మన వీధి దాకా వచ్చింది.

మరి నెట్ జనానికి నిజమైన ప్రతినిధి ఎవరు అంటావా. ఒకసారి ఎన్నిక పెట్టి చూశారు తెలుసా? నెట్‌లోని పేర్లూ చిరునామాల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ 2000లో ఐదుగురు డైరెక్టర్లని మామూలు వాడకందార్ల ఓటుతో ఎన్నుకునే ఏర్పాటు చేసింది. ప్రపంచం మొత్తం మీద లక్షన్నర మందికి పైగా పేర్లు నమోదు చేసుకుంటే ఓటేసింది దాదాపు 34 వేల మంది. తర్వాత ఆ పద్ధతే ఎత్తేశారు. ఇక నెట్ నడిచే ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్ల పద్ధతి వేరు. అక్కడ ఏ కంపెనీ ఉద్యోగి వచ్చినా తన మాటగానే మాట్లాడాలి, ఫలానావాళ్ల ప్రతినిధిని అన్న హోదా ఉండదు. రాజులూ, అధ్యక్షులూ, ఓట్లూ మాకొద్దు అని 1992లో ఇంటర్నెట్ తొలి రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ క్లార్క్ చెప్పిన మాట వాళ్లకి ఇప్పటికీ ఇష్టం. నాకు ఇది భలే నచ్చుతుంది. ఇంటర్నెట్‌ని కట్టినవాళ్లే ‘మేం ఇంటర్నెట్ జనం తరఫున’ అనకుండా జాగ్రత్తపడుతుంటే, ఫోన్ లింకుల మీద కమిషన్ తీసుకునే కంపెనీ అనేస్తోంది.

నీ ఉత్తరం నాలుగో పేజీ మళ్లీ చదివాను. గుమ్మ బ్లాకు నుంచి ఒక సవర అమ్మాయి, నర్సింగు సీటు ఫారానికి ఆఖరి రోజు సాయంత్రం ఐదున్నరకి నీ దుకాణానికి వచ్చింది. ఫోన్లో వాట్సాప్ మెసేజీలు వస్తున్నాయి. ఆ కాలేజీ సైటు మాత్రం తెరుచుకోవడం లేదు. ఆ రోజు డేటా అయిపోయింది, స్పీడు బాగా పడిపోయింది అని నువ్వు చూసి చెప్పావు. నీ కంప్యూటర్లో పెట్టావు, సర్వరు తిరుగుతూనే ఉంది, ఆ పిల్ల చెప్పులు విప్పి స్టూలు మీద కాళ్లు ముడుచుకు కూర్చుని తెర వైపే చూస్తోంది. ఇంత బాగా రాశావు కదా. ఈ పిల్లకి కావలసిన సైటు ఏ చవక ప్యాకులో ఉంటుంది? ఏడాదికి ఒక్కసారి, ఒక్క సాయంత్రం కావాలి. ఏ సైటు కావాల్సొస్తుందో ముందు తెలియదు కనకే మొత్తం ఇంటర్నెట్ కావాలి. సరిహద్దు నుంచి ట్రాయ్‌కి వెళ్లాల్సిన కాగితం నీ నాలుగో పేజీ, ఆ కంపెనీ రాసిచ్చింది కాదు.

అలాగని రెండో వైపు నేను దాచను. అదే పేజీ కింద, మోహన అనే ఊరి నుంచి వచ్చే కూలీ మనిషి సంగతి కూడా ఉంది. కొడుకు చెన్నైలో. వీడియో కాల్ తప్ప నాకు నెట్‌తో పని లేదు, నెలకి ఇంత రీఛార్జి ఎందుకు కట్టాలి అని నిన్నే అడిగాడు. ఆయన మాట కూడా నిజమే. నువ్వు ప్రతినిధి అని సంతకం పెడితే ఈ ఇద్దరిలో ఒకరి నోరు నొక్కాలి. చూసినవాడిగా రాస్తే ఇద్దరికీ చోటుంటుంది. సాక్షి అని రాద్దామనుకున్నాను, పేపరు పేరనుకుంటావని ఆగాను.

ఇక నీ ముందున్న దారులు. ఇది చెయ్యి, అది చెయ్యకు అని నేను చెప్పను. అప్పు నీది, ఊరు నీది.

సంతకం పెట్టి చేరిపోవచ్చు. నేనేం మొహం తిప్పుకోను, చెల్లి పెళ్లి అప్పు బరువు నాకూ తెలుసు. కానీ ఒకటి గుర్తుంచుకో. ట్రాయ్‌కి సంప్రదింపుల్లో వెళ్లే అభిప్రాయాలు రహస్యంగా ఉండవు, వాళ్ల సైటులో పేర్లతో సహా పెడతారు. నీ పేరు, ఆ హోదాతో, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పర్లాకిమిడి ఎంత ఊరు? నీ స్నేహితుడు ఒక్కసారి నవ్వాడు. ఆ కాగితం చేతికి దొరికినవాడు నవ్వకపోవచ్చు. ఇంకోటి, మొదటి రోజే నీది కాని మాట మీద సంతకం పెట్టించుకున్నవాడు రెండోసారి అడగడానికి మొహమాటపడడు.

ఉద్యోగం కావాలి, ఆ హోదా వద్దు అని చెప్పొచ్చు. ఇది నువ్వు అనుకుంటున్నంత అసాధ్యమేం కాదు. ‘ప్రతినిధి’ తీసేసి ‘ఫలానా, సెల్ రిపేరు దుకాణదారు, పర్లాకిమిడి’ అని పెడతాను, ‘జనం అంటున్నారు’ బదులు నా కౌంటరు దగ్గర నేను చూసింది రాస్తాను అని మెయిల్ పెట్టు. ఫోన్లో వద్దు, రాతలో. ఒప్పుకుంటే వాళ్లలో కాస్త నిజాయితీ ఉందని అర్థం. నీ అనుభవం వాళ్ల వినతికి అడ్డం తిరుగుతుంది కాబట్టి బహుశా ఒప్పుకోరు. అప్పుడు వాళ్లకి కావలసింది నువ్వు కాదు, నీ పిన్‌కోడ్ అని తేలిపోతుంది. 22,000 పోతుంది. అమ్మకి చెప్పడం కష్టం. అది నేను తేలిక చెయ్యలేను.

ఇప్పుడున్నట్టే కంట్రిబ్యూటర్‌గా ఉండిపోవడం మూడోది. నా పంతొమ్మిదేళ్లూ అంతే. ఇందులో లాభం, వాళ్ల మాటలకి నువ్వు పూచీ కాదు. నష్టం, నీ మాటలకి కూడా నీ చేతిలో పూచీ ఉండదు, ఆ మూడు వాక్యాల్లాగా. ఉండేటట్టయితే రెండు షరతులు పెట్టి ఉండు. నా పేరు మీద వచ్చే రివ్యూలో కోత వేస్తే అచ్చుకి ముందు నాకు చూపించాలి, లేదా పేరు తీసెయ్యాలి. లింకు మీద కమిషన్ వస్తున్నా, ఫోన్ ఊరికే పంపించినా ఆ సంగతి పైనే కనబడేట్టు రాయాలి. ఇది నీ చాదస్తం కాదు. సొమ్మో, ఉచిత వస్తువో పుచ్చుకుని సిఫారసు చేసేవాళ్లు ఆ సంబంధం బయటపెట్టాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఆ ముక్క మెయిల్లో మర్యాదగా పెట్టు. ఆరో నెలకల్లా నీకు పని తగ్గించేస్తారేమో, అదీ లెక్కలో వేసుకో.

ఐదో పేజీలో, అవన్నీ వదిలేసి సరిహద్దు వాళ్ల కోసం సొంత చానెల్ పెడతాను, తెలుగూ ఒడియా రెండిట్లోనూ, అన్నావు. పెట్టు, సంతోషం. కానీ మొదటి ఏడాది దాటాక డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే లింకుల కమిషన్ నుంచి. అదే ఫోన్ కంపెనీ ‘శాంపిల్’ డబ్బా నుంచి. అప్పుడు కోత వేసే ఎడిటరూ నువ్వే, కోత పడే కంట్రిబ్యూటరూ నువ్వే. నెలకి ఎన్ని ఫోన్లు బాగుచేసి ఎంత సంపాదిస్తున్నావో నువ్వు రాయలేదు గానీ, ఆ దుకాణం ఉన్నంత కాలం నీకు ఒక బలం ఉంది. దాన్ని మూసి చానెల్ మీద పడకు. ఇది మాత్రం నా మాటగా తీసుకో, సలహా కంటే కాస్త గట్టిగా.

పైన ఏ దారి పట్టినా, ఇంకో పని నువ్వు విడిగా చెయ్యొచ్చు. ట్రాయ్ సంప్రదింపు పత్రం వేసినప్పుడు ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు. సంఘం అక్కర్లేదు, లెటర్‌హెడ్ అక్కర్లేదు. నీ నాలుగో పేజీని కాస్త సరిచేసి పంపు. ఆ అమ్మాయి పేరు, ఊరు తీసెయ్. మోహన కూలీ మనిషి మాట కూడా పెట్టు. కింద ‘నేను ఎవరికీ ప్రతినిధిని కాను, నా దుకాణంలో చూసింది ఇది’ అని రాయి. కంపెనీ వాళ్లు అది చూస్తారు. చూసి పిలవడం మానేస్తే మానేస్తారు.

మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా ఉండగా సవర నేర్చుకోవడానికి రెండు భాషలూ వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకున్నారని చెప్పుకుంటారు. ముందు విన్నారు, తర్వాత ఏళ్లకి ఏళ్లు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో. నువ్వు వచ్చీరాని సవర అన్నావు. కౌంటరు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టు. ఎవరు ఏం అడిగారో, ఏ సైటు తెరుచుకోలేదో, అవతల ఆంధ్రలోని పాతపట్నం టవరు సిగ్నలు పట్టుకుని ఎవరి ఫోన్ ఎక్కడ ఇబ్బంది పెట్టిందో రోజుకి నాలుగు లైన్లు రాసుకో. రేపు ఎవరైనా ‘సరిహద్దు జనం ఏమంటున్నారు’ అని అడిగితే, నాకు తెలీదు గానీ మార్చిలో నా దగ్గరకి వచ్చిన నలభై మంది ఇది అడిగారు అని చెప్పగలవు. మేం అప్పన్న టీ కొట్టు దగ్గర ఎప్పుడూ చెయ్యనిది అదే.

ఆఖరుగా ఆ ఫోన్లు. సోమవారం దాకా ఆగక్కర్లేని పని ఇదొక్కటే. మిగిలిన ఏడుగురికీ ఈరోజే చెప్పు, ఛార్జింగులో పెట్టి వాడొద్దని, వెనక మూత కొంచెం లేచినట్టు కనిపించినా నీ దగ్గరకి తెమ్మని. ఉబ్బిన బ్యాటరీని నొక్కి మూత వెయ్యొద్దని నీకు నేను చెప్పాలా. బిల్లు ఉండి ఏడాది లోపయితే వారంటీ కింద కంపెనీ సర్వీసు సెంటరుకి పంపించు, వాళ్లు మొండికేస్తే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను ఫిర్యాదు తీసుకుంటుంది. కిరాణా ఆయన దగ్గరకి మాత్రం నువ్వే వెళ్లు. నా వాక్యాలు తీసేశారండీ అని చెప్పు, ఆయన నమ్మినా నమ్మకపోయినా. పాత రివ్యూ ఇప్పటికీ నీ పేరుతో ఆ సైటులో ఉందన్నావు. ఆ మూడు వాక్యాలూ తిరిగి పెట్టండి లేదా నా పేరు తీసెయ్యండి అని అడగడానికి ఉద్యోగం వచ్చేదాకానో పోయేదాకానో ఆగకు. నాకైతే, వాళ్లు ఆ మెయిల్‌కి ఏం జవాబిస్తారో చూస్తే మిగతా సంతకం సంగతి సగం తేలిపోతుందనిపిస్తోంది.

అమ్మతో మాట్లాడేటప్పుడు జీతం పోతోంది అని మొదలుపెట్టకు. ఆ కిరాణా ఆయన ఫోన్ కౌంటరు మీద పెట్టిన సంగతి ముందు చెప్పు. ఆవిడ కూడా ఆ కొట్టులోనే కదా సరుకులు తెచ్చేది.

ఇంతా రాసి, ఆ గుమ్మ అమ్మాయి ఫారం ఆ రాత్రి వెళ్లిందో లేదో నువ్వు రాయనేలేదు. ఈసారి రాయి.